గోడ ఇచ్చే భద్రత

కూడు, గుడ్డ, గూడు – ఈ మూడూ మనిషి కనీసావసరాలని చిన్నప్పటి నుంచి చదువుకొంటున్నాం. వీటి వెనుక మరొక అవసరం దాగి ఉంది. అది నిర్భయం. పడుకొన్న గూటిలోకి రాత్రివేళ ఎవరూ చొరబడరన్న నమ్మకం లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా మనిషికి నిద్ర పట్టదు. ఆదిమానవుడు గుహ ముందు నిప్పు రాజేసుకొన్నా, తెలంగాణ పల్లెల్లో మన పూర్వులు బురుజులు కట్టుకొన్నా, ఈనాటి నగరవాసి తన ఇంటి చుట్టూ ప్రహరీ లేపుకొన్నా కారణం ఒక్కటే. భద్రతను కోరుకోవడం తప్పు కాదు. అయితే మనం కోరుకొన్న భద్రత, మనం కొనుక్కొన్న గోడ – ఈ రెండూ ఒకటేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

సికింద్రాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద హకీంపేట, తూముకుంట దాటి శామీర్‌పేట వైపు వెళ్లినా, జాతీయ రహదారి మీద కొంపల్లి, కండ్లకోయ దాటి మేడ్చల్ వైపు వెళ్లినా ఒక మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ ప్రాంతం ద్రాక్షతోటలకు పేరుపొందింది. పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. ప్లాట్ల చుట్టూ గోడలు లేచాయి. శామీర్‌పేటలో న్యాయవిద్యకు నల్సార్ విశ్వవిద్యాలయం, సాంకేతిక విద్యకు 2008లో బిట్స్ ప్రాంగణం వచ్చాయి. తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ వెలసింది. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2018లో కండ్లకోయ కూడలి అందుబాటులోకి రావడంతో 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి పూర్తయింది. 2022లో అంతాయిపల్లిలో కలెక్టరేటు భవనం ప్రారంభమైంది. ఉద్యోగం దగ్గరయింది, రహదారి దగ్గరయింది, భూమి ధర పెరిగింది. వీటితోపాటే ‘గేటెడ్ కమ్యూనిటీ’ అనే మాట మన పల్లెల పొలిమేరల్లోకి నడిచి వచ్చింది.

ఒకే ప్రహరీ లోపల కొన్ని పదుల ఇళ్లో, కొన్ని వందల ఇళ్లో ఉంటాయి. లోపలికి ఒకటి రెండు ద్వారాలే ఉంటాయి. అక్కడ రాత్రింబవళ్లు కాపలా ఉంటుంది, కెమెరాలు ఉంటాయి. పేరు, ఫోను నంబరు చెప్పి, ఇంటివారి అనుమతి పొందితే తప్ప కొత్తవారు అడుగు పెట్టలేరు. ఇళ్లు అమ్మేవారు ఈత కొలను, వ్యాయామశాల, ఉద్యానవనం గురించి ఎంత చెప్పినా అన్నిటికంటే ముందు చెప్పేది భద్రత గురించే. జీవితమంతా కూడబెట్టిన సొమ్మును, రాబోయే ఇరవై ఏళ్ల జీతాన్ని ఆ ఒక్క మాట మీద నమ్మకంతో ధారపోసే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఆ మాటను పరీక్షించి చూడడం అవసరం.

ముందుగా ఆ కుటుంబాల పక్షాన నిలిచి ఆలోచిద్దాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళతారు. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటారు. కూతురు కంపెనీ బస్సు దిగి రాత్రి తొమ్మిదికో పదికో ఇల్లు చేరుతుంది. నగరం అంచున సగం కట్టిన ఇళ్లు, ఖాళీ ప్లాట్లు, దీపాలు లేని దారులు ఎక్కువ. అటువంటి చోట ఒక ద్వారం, ఒక దీపం, పలకరించే ఒక కాపలాదారు ఉంటే మనసు కుదుటపడుతుంది. లోపలి వీధుల్లో వాహనాల రద్దీ ఉండదు కనుక పిల్లలు నిశ్చింతగా సైకిలు తొక్కుకొంటారు. వీటిని విలాసాలని కొట్టిపారేయడం న్యాయం కాదు.

పరిశోధనలు కూడా ఈ వాదాన్ని పూర్తిగా కాదనలేదు. అమెరికాలో నేరబాధితుల జాతీయ సర్వే ఆధారంగా 2015లో వెలువడిన ఒక అధ్యయనం, గేటు ఉన్న నివాసాల్లో ఇళ్ల దోపిడీలు తక్కువగా ఉన్నాయని తేల్చింది. అయితే అంతకు ముందటి ఏడాది దక్షిణాఫ్రికాలోని ష్వానే నగరంపై వెలువడిన అధ్యయనం దీనికి విరుద్ధమైన ఫలితం చూపింది. అక్కడ గోడ చాటు నివాసాల్లోనే దొంగతనాలు ఎక్కువగా జరిగాయి. కాలిఫోర్నియాలో సంపన్నుల నివాసాలను పోల్చి 2000లో ప్రకటించిన మరొక పరిశీలన ఇంకా ఆసక్తికరమైనది. గేటు లోపలివారు తాము సురక్షితంగా ఉన్నామని ఎక్కువగా భావించారు. కాని నేరాల సంఖ్యలో మాత్రం తేడా కనిపించలేదు. పైగా ఒకరికొకరం అన్న భావన గేటు లోపలివారిలోనే తక్కువగా ఉంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. గోడ కొన్నిచోట్ల దొంగను ఆపుతుంది. కొన్నిచోట్ల ‘ఇక్కడ సొమ్ముంది’ అని దొంగకు చాటి చెబుతుంది. ధైర్యం కలగడం వేరు. ప్రమాదం తగ్గడం వేరు.

మన చరిత్ర ఈ పాఠాన్ని ఏనాడో చెప్పింది. గోల్కొండ కోట కంటే బలమైన గోడ మన ప్రాంతంలో మరొకటి ఏదుంది? 1687లో ఔరంగజేబు సైన్యం దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించినా ఫిరంగులు ఆ కోటను లొంగదీయలేకపోయాయి. చివరికి లంచానికి లొంగిన అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లోపలి నుంచి తలుపు తెరిచాడు. గోడ ఓడిపోలేదు, గోడ లోపలి నమ్మకం ఓడిపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ మాట పాతకాలానికే పరిమితం కాదు. మన జిల్లాలోనే కూకట్‌పల్లిలోని ఒక గేటెడ్ కమ్యూనిటీలో 2025 సెప్టెంబరు 10న ఒక గృహిణి తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఆ కేసులో పోలీసులు ఇళ్లలో పనికి కుదిరిన ఇద్దరిని అరెస్టు చేశారు. వారు గోడ దూకి వచ్చినవారు కారు. గేటు అనుమతితోనే ఆ ప్రాంగణంలో ఉన్నవారు. దీన్ని బట్టి పనివారందరినీ అనుమానించడం పెద్ద తప్పు. మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల నుంచి రోజూ వందలాది స్త్రీపురుషులు ఈ ప్రాంగణాల్లోకి వచ్చి ఊడ్చి, వండి, పసిపిల్లలను పెంచి, తోటలకు నీరు పోసి నిజాయితీగా ఇంటికి తిరిగిపోతున్నారు. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. గేటు దగ్గరి పుస్తకం మనిషి పేరును రాసుకొంటుంది, మనిషిని తెలుసుకోదు. అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. తెలిసినవారికి గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మనిషి రూపంలో రాని ప్రమాదాలు మరికొన్ని ఉన్నాయి. వాటికి గోడ అడ్డే కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో హైదరాబాదు నగరం చుట్టూ దర్వాజాలతో ప్రాకారం కట్టారు. అది శత్రువు కోసం కట్టిన గోడ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ ప్రాకారం నదిని ఆపలేకపోయింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ దర్వాజాలలో ఈనాడు రెండే మిగిలాయి. 2023 సెప్టెంబరు 5న కుండపోత వానకు మన జిల్లాలోని మైసమ్మగూడలో అపార్టుమెంట్లను నీరు చుట్టుముట్టింది. వాటిలో ఉంటున్న ఇంజనీరింగు విద్యార్థులను యంత్రాల సాయంతో బయటకు తీసుకురావలసి వచ్చింది. అవి గేటెడ్ కమ్యూనిటీలు కావు; కాని నీటికి ఆ భేదం తెలియదు. చెరువుకు పోయే కాలువను మూసి కట్టిన ఇల్లు ఎంత ఎత్తైన గోడ లోపల ఉన్నా వరద ముందు నిరాయుధమే.

కొన్నిసార్లు ప్రమాదం గోడ లోపలే పుడుతుంది. 2023 డిసెంబరులో బెంగుళూరులోని ఒక పెద్ద నివాస సముదాయంలో ఒక బాలిక ఈత కొలను దగ్గర ప్రాణాలు కోల్పోయింది. విద్యుదాఘాతమే కారణమని తరువాత తేలింది. ఏ సౌకర్యాన్ని చూసి తల్లిదండ్రులు ముచ్చటపడతారో అదే సరైన నిర్వహణ లేకపోతే మృత్యుముఖమవుతుంది. మరికొన్ని దొంగతనాలకు గేటుతో పనే లేదు. బ్యాంకు అధికారినని, పోలీసునని ఫోనులో నమ్మించి ఖాతాలు ఖాళీ చేసేవాడిని ఏ కాపలాదారు ఆపగలడు? అందుకే ప్రభుత్వం 1930 అనే సహాయ నంబరును ఏర్పాటు చేయవలసి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం గేటు దాటిన మరుక్షణం ఎదురవుతుంది. 2022లో మన దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. అదే సంవత్సరం రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. అంటే దాదాపు ఆరు రెట్లు. మనం హంతకుడికి భయపడి గోడ కడతాం. హెల్మెట్ పెట్టుకోకుండా రాజీవ్ రహదారి ఎక్కుతాం. మన భయానికీ మన ప్రమాదానికీ లెక్క కుదరడం లేదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

మరి నిజమైన భద్రత ఎక్కడ ఉంది? నాకు తెలిసిన ఒక సంఘటన చెబుతాను. నా మిత్రుడొకాయన కళాశాలలో ఉపన్యాసకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నారు. భార్య మరణించింది, పిల్లలు అమెరికాలో ఉన్నారు. తండ్రి ఒంటరిగా ఉంటారన్న దిగులుతో వారే మేడ్చల్ దగ్గర ఒక విల్లా సముదాయంలో ఇల్లు కొనిపెట్టారు. ఒకనాడు తెల్లవారుజామున ఆయన స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఫోను హాల్లో ఉంది. కుడివైపు ఇంటివారికి ఆయన పేరు తెలియదు. ఎడమవైపు ఇంటికి తాళం. గేటు దగ్గరి కెమెరాలు వచ్చిపోయే కార్లన్నిటినీ శ్రద్ధగా చిత్రీకరిస్తూనే ఉన్నాయి.

పక్క ఊరి నుంచి రోజూ పాలు తెచ్చి పోసే ఆమె ఆ రోజూ వచ్చింది. గంట కొట్టింది. పలుకు లేదు. వెంటనే గేటు దగ్గరికి పరుగెత్తింది. “సారు ఐదున్నరకే తలుపు తీస్తడు. ఇయ్యాల తియ్యలేదు. ఏమో అయింది” అంది. “ఇంట్లోకి పోవద్దని మాకు రూలుందమ్మా” అన్నాడు కాపలాదారు. “నీ రూలు తర్వాత, ముందు తలుపు తీపియ్యి” అంటూ ఆమె అతణ్ని వెంటబెట్టుకొని వచ్చింది. వంటింటి కిటికీ తెరిచి ఇద్దరూ లోపలికి వెళ్లారు. 108 వాహనం సమయానికి వచ్చింది. ఆయన బతికారు.

కథ ఇక్కడితో ముగియలేదు. రెండు నెలల తరువాత ఆ సముదాయం సంఘం ఒక తీర్మానం చేసింది. పాలవారు, కూరగాయలవారు, పేపరువారు ఇకపై లోపలికి రాకూడదు. సరుకు గేటు దగ్గరే పెట్టి వెళ్లాలి. కారణం ఏమిటంటే భద్రత! నా మిత్రుడు సభలో లేచి తన సంగతి చెప్పారు. అందరూ సానుభూతితో విన్నారు. తీర్మానం మాత్రం నెగ్గింది. ఇప్పుడాయన చేతికర్ర ఊతంతో రోజూ ఉదయం గేటు దాకా నడిచి వెళ్లి, ఆమె చేతి నుంచే పాలు తీసుకొంటున్నారు. “ఎందుకండీ ఈ శ్రమ?” అని అడిగితే ఆయన నవ్వి, “నేనొకరోజు రాకపోతే ఆమెకు తెలుస్తుంది కదా” అన్నారు.

ఈ ఒక్క మాటలో భద్రత అంటే ఏమిటో ఉంది. మనం కనిపించకపోతే గమనించే మనిషి ఉండడమే భద్రత. నగరాల జీవితాన్ని పరిశీలించిన జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే వీధిని కాపాడేది వీధిమీద ఉన్న మనుషుల చూపులేనని వాదించింది. అరుగు మీద కూర్చున్న అవ్వ, కొట్టు తెరిచిన వర్తకుడు, కిటికీలోంచి తొంగిచూసే గృహిణి – వీరంతా జీతం లేని కాపలాదారులు. మన పల్లెల్లో కొత్తవాడు అడుగుపెడితే “ఎవరింటికి బిడ్డా?” అని అడిగేవారు. ఆ ప్రశ్నలో అనుమానం ఉంది, ఆదరమూ ఉంది. గేటు దగ్గర అడిగే ప్రశ్నలో అనుమానం మాత్రమే మిగిలింది.

గోడకు రెండు ముఖాలుంటాయని మరచిపోకూడదు. లోపలి ముఖానికి పూలతీగలు పాకుతాయి. బయటి ముఖం సంగతేమిటి? సాయంత్రం బస్సు దిగి తన ఊరికి నడిచిపోయే ఆడపిల్లకు ఒకప్పుడు దారిపొడవునా పొలంలో ఎవరో ఒకరు కనిపించేవారు. ఇప్పుడు ఒకవైపు పొడవాటి ప్రహరీ మాత్రమే తోడు. అందులో కిటికీ లేదు, కొట్టు లేదు, దీపం లేదు. పిలిస్తే పలికేవారు లేరు. లోపలివారు కొనుక్కొన్న ధైర్యానికి బయటివారు చెల్లిస్తున్న మూల్యం ఇది. పైగా ఆ దారి బయటివారిది మాత్రమే కాదు. లోపలివారి పిల్లలూ, వారింటికి పనికి వచ్చేవారూ నడిచే దారి అదే.

కొన్నిచోట్ల దారే మూసుకుపోతుంది. నిజానికి చట్టం దీన్ని ముందే ఊహించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో 168వ నంబరు ఉత్తర్వు ద్వారా వెలువరించిన భవన నియమాలు, ఇటువంటి సముదాయాన్ని నిర్మించేవారు లోపలి భూములకు పోయేవారి కోసం తమ స్థలంలోనే ఒక పక్కన 9 మీటర్ల వెడల్పైన ప్రజామార్గాన్ని వదలాలని చెప్పాయి. ఆచరణలో ఈ స్ఫూర్తి ఎంత నిలిచిందో వేరే చెప్పనక్కరలేదు. మన జిల్లాలోనే పోచారం ప్రాంతంలోని దివ్యనగర్ లేఅవుట్ చుట్టూ కట్టిన కిలోమీటర్ల పొడవైన ప్రహరీ తమ దారులను మూసివేసిందని చుట్టుపక్కల కాలనీలవారు ఫిర్యాదు చేశారు. 2025 జనవరిలో హైడ్రా సంస్థ ఆ గోడను కూల్చివేసింది. పొరుగువాడి దారిని మూసిన గోడ పొరుగువాడిని ఫిర్యాదుదారుగా మారుస్తుంది. ఫిర్యాదుదారు నడుమ బతకడం భద్రత ఎలా అవుతుంది?

గోడ చాటున పెరిగే అనుమానం ఎంతదాకా పోగలదో చెప్పే విషాదం ఒకటి అమెరికాలో జరిగింది. 2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడా రాష్ట్రంలోని శాన్‌ఫర్డ్‌లో పదిహేడేళ్ల ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రవాడు దుకాణానికి వెళ్లి, తాను అతిథిగా ఉన్న గేటెడ్ కమ్యూనిటీలోకి తిరిగి వస్తున్నాడు. అతని చేతిలో ఆయుధం లేదు. అక్కడి నివాసి, స్వచ్ఛంద కాపలా బాధ్యత తీసుకొన్న వ్యక్తి అతణ్ని అనుమానించి వెంబడించాడు. చివరికి తుపాకితో కాల్చి చంపాడు. మరుసటి ఏడాది న్యాయస్థానం ఆ వ్యక్తిని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ కుర్రవాడి వయస్సు ఇంచుమించు మీ వయస్సే. మన పరిస్థితులు వేరు కావచ్చు. కాని ముఖం చూసి, వేషం చూసి, భాష చూసి మనిషిని ఆపే అలవాటు ఇక్కడ లేదని గుండెమీద చేయి వేసుకొని చెప్పగలమా?

కాపలాదారు గురించి కూడా ఒక మాట. వందల కుటుంబాల ధైర్యం అతని భుజాల మీద ఉంది. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం ప్రకారం అతనికి శిక్షణ ఇవ్వాలి. అతని పూర్వవృత్తాంతాన్ని విచారించాలి. కాని పన్నెండు గంటలు నిలబడి, చాలీచాలని జీతంతో, మంటలార్పే పరికరం ఎలా వాడాలో కూడా తెలియకుండా పనిచేసే కాపలాదారులు మనకు ఎక్కడైనా కనిపిస్తారు. కంచె చేను మేసిందని నిందించే ముందు కంచెకు తిండి పెడుతున్నామా అని ఆలోచించాలి.

ఇంతకూ గోడలన్నీ కూల్చివేయాలా? అక్కరలేదు. నేను గోడకు వ్యతిరేకిని కాను. గోడతో సరిపెట్టుకోవడానికి వ్యతిరేకిని. ప్రహరీ బయటి ముఖానికి కూడా దీపాలు పెట్టవచ్చు. గేటు పక్కన ఊరివారు నడిపే నాలుగు కొట్లకు చోటు ఇవ్వవచ్చు. అంబులెన్సును, అగ్నిమాపక శకటాన్ని ప్రశ్నలు లేకుండా పంపే ఏర్పాటు చేయవచ్చు. ఒంటరిగా ఉండే వృద్ధుల తలుపును రోజుకొకసారి ఎవరో ఒకరు తట్టే పద్ధతి పెట్టుకోవచ్చు. కాపలాదారుకు ఎనిమిది గంటల పని, తగిన జీతం, శిక్షణ ఇవ్వవచ్చు. చెరువుకు పోయే కాలువ ఎక్కడుందో పక్క ఊరి రైతును అడిగి తెలుసుకోవచ్చు. ఊరివారు, సముదాయంవారు కలిసి అడిగితే రహదారి దాటడానికి వంతెనో, దీపాలో త్వరగా వస్తాయి. వీటిలో ఏదీ గోడకంటే ఎక్కువ ఖర్చు కాదు.

విద్యార్థులారా! రేపు మీరు ఉద్యోగాలు చేస్తారు, ఇళ్లు కొనుక్కొంటారు. అప్పుడు ఇల్లు అమ్మేవాడు గోడ ఎత్తు చెబుతాడు, కెమెరాల లెక్క చెబుతాడు. అవన్నీ వినండి. ఆ తరువాత గేటు బయటికి నడిచి, పక్క ఊరి టీ కొట్టులో కాసేపు కూర్చోండి. లోపలివారి గురించి ఆ ఊరివారు ఏమనుకొంటున్నారో అడగండి. ఆ ఇంటి భద్రత ఎంతో మీకు అక్కడ తెలుస్తుంది.